మలుపు దగ్గర ఆగిన కుర్చీ

మెట్ల కుర్చీ బిగించిన మెకానిక్ గారికి,

నమస్కారం. మా ఆవిడను కూర్చోబెట్టుకుని పట్టాల మీద మెట్లెక్కే మీ కుర్చీ బాగానే నడుస్తోంది, తప్పు మీది కాదు. మెట్లు మలుపు తిరిగాయి కాబట్టి వంపు పట్టాలు వేస్తేనే పైదాకా వెళ్తుందని మీరు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పారు. "పైన మాకేం పని లేదండీ, ఆవిడ మలుపు దగ్గర కిటికీ పక్కన కూర్చుంటుంది, అందాకా నేరుగా వేసేయండి చాలు" అని నేనే మొండికేశాను.

పైన మా అమ్మాయి గది ఉంది. అమ్మాయి పోయి ఏడాదైంది. మా ఆవిడ కాళ్ళు చచ్చుబడి ఆసుపత్రిలో ఉన్న నెలలో, చూసి తట్టుకోలేక, ఆ గదిలోవన్నీ ఎవరెవరికో ఇచ్చేశాను. దువ్వెన కూడా మిగల్చలేదు. ఆవిడకు చెప్పలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే కుర్చీలో మలుపు దాకా వెళ్ళి, మూసిన ఆ తలుపుకేసి చూస్తూ కూర్చుంటుంది. నిన్న, "ఇంకో ఐదు మెట్లేగా, కాస్త ఎత్తుకెళ్ళండి. దాని దుప్పటి మడతపెట్టి వస్తాను" అంది. నడుము నొప్పన్నాను. నా నడుము నిక్షేపంలా ఉంది.

వంపు పట్టాలు వేయండి. కాకపోతే ఒక్కరోజు ముందుగా నాకు కబురు చేయండి. మీ కుర్చీ ఆవిడను తలుపు దాకా చేర్చేలోపు, లోపల ఏమీ లేదని నేను చెప్పుకోవాలి.

ఇట్లు,
పైన పనేం లేదన్న మనిషి