కాఫీ కళ్లంలో ఎండబెట్టిన నెగటివ్

ఫిబ్రవరి 12, 1999

...నిన్న రాయలేక ఆపేసింది ఇదే. నెగటివ్ పాడుచేసింది నేనే. తాతయ్య వయసులో ఉన్నప్పుడు బొమ్మలు గీసి తీసిన కార్టూన్ సినిమాకి మిగిలింది ఆ ఒక్క రీలే. పోయిన నెల డబ్బా తెరిస్తే పుల్లటి వాసన వచ్చింది. చెమ్మ పట్టిందనుకుని, కాఫీ గింజల పక్కనే కళ్లంలో పరిచి రోజంతా ఎండబెట్టాను.

కొత్త ప్రింట్ తీస్తామని ఇవాళ మద్రాసు నుంచి ల్యాబ్ ఆయన వచ్చాడు. "ముడుచుకుపోయింది, మెషీన్‌కి ఎక్కదు. ఎండలో పెట్టారా?" అన్నాడు.

"మా ఇంట్లో ఎవులెడతారు బాబూ? నానే రీలు బేగి మీకివ్వనేదు. తప్పు నాదే," అన్నాడు తాతయ్య. నేను ఖాళీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

తాతయ్యకి ఒక్క 'సారీ' కూడా చెప్ప...

తాతయ్య తలుపు కొడుతున్నాడు. "గుంటా, ఇంకా తొంగోనేదేటి? బయమేస్తందేటి?"

అవును తాతయ్యా. ముందు ఈ కాగితాలు పరుపు కింద పెట్టనీ, తలుపు తీస్తాను.