తిట్టు తాతా, తిట్టు

నిర్మల్‌లో మన బిడ్డ దగ్గర ఉన్న రాజక్కకు,

మొండయ్య రాస్తున్నాను. ఇక్కడ నా కుడి మోకాలు తప్ప మిగతా అంతా బాగున్నాం. జ్యోతిరాణి కాలి కట్టు విప్పారనీ, గోడ పట్టుకుని నడుస్తోందనీ చదివాక మనసు కుదుటపడింది. స్కూటీ మాత్రం ఇంకొన్నాళ్ళు ముట్టనివ్వకు. అల్లుడు గిన్నెలు తోముతున్నాడని ఆశ్చర్యపడుతూ రాశావు. తోమనీ. అతని కాళ్ళు చేతులు బాగానే ఉన్నాయి కదా.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలికి నూనె రాస్తున్నాను, గుర్తున్నప్పుడు. పొద్దున వండిన పప్పుచారే రాత్రికి కూడా సరిపోతోంది. నన్ను మిర్చిబజ్జీల బండి దగ్గర చూశానని పక్కింటి జమున నీకు చేరవేసింది నిజమే. ఆమె చూడని రోజులు కూడా ఉన్నాయి.

ఇక చివర్లో జ్యోతి చేత రాయించిన సంగతి. "కింది పోర్షనోళ్ళు ఫోన్ల నీ వీడియో పెట్టుకొని నవ్వుతున్నరు. మైకు పట్టుకొని అందర్ని తిడుతున్నవట. జ్యోతి అత్తగారు గూడ చూసింది. నాకు తలకాయెత్త బుద్ధి కాలే. ఫోన్ల అడిగితే నన్ను మాట్లాడనియ్యవు, అన్ని నువ్వే మాట్లాడుతవు. కాయితం మీద రాసి పంపు" అన్నావు. సరే, మొదటి నుంచీ రాస్తాను.

నేను బొగ్గు బాయి పని నుంచి రిటైరైన దగ్గర నుంచి మన కాలనీ హైస్కూలు ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు మైకు నాదే అని నీకు తెలుసు. రేడియోలో విన్న తెలుగులో చెబుతానని నువ్వు నవ్వేదానివి. మొదట్లో మొదటి షిఫ్టు దిగినవాళ్ళు టిఫిన్ డబ్బాలు పట్టుకునే నేరుగా వచ్చి మైదానం కట్ట మీద కూర్చునేవారు. పిల్లలు ప్రహరీ గోడెక్కేవారు. గోల్ పడితే ఆ కేక బజారు దాకా వినిపించేది.

ఇప్పుడు చివరి గంట కొట్టగానే గేటు తీస్తారు. మైదానం గేటు పక్కనే. అటు తల తిప్పితే మెడ పట్టేస్తుందేమో అన్నట్టు పోతారు పిల్లలు. మెడలో కార్డు, వీపు మీద బియ్యం బస్తాలాంటి బ్యాగు, ముఖంలో ఏమీ లేదు. ట్యూషన్ ఆటో ఎక్కుతారు, ఫోన్ తీస్తారు. ఫుట్‌బాల్ తెలియదా అంటే తెలుసు. ఎక్కడో దూరదేశంలో ఆడేవాళ్ళ జుట్టు కత్తిరింపు తెలుసు. తమ బెంచీలోనే కూర్చునే పిల్ల గోల్‌కీపర్ అని తెలియదు. ఒక పదో తరగతివాణ్ణి ఆపి, "మీ బడి పిల్లలే ఆడుతున్నరు, జర నిలబడి చూడరాదురా?" అన్నాను. "చూస్తె మార్కులేస్తరా తాతా?" అన్నాడు. వాడు ఎగతాళి చేయలేదు రాజక్కా, నిజంగానే అడిగాడు. అదే నాకు మండింది.

పెద్దవాళ్ళు ఇంకా ఘనులు. నాతో పాటు రిటైరైన మహానుభావులు టీ కొట్టు దగ్గర కూర్చుని దేశాన్ని నడుపుతారు గానీ, రోడ్డు దాటి మైదానంలోకి రావడానికి వాళ్ళకు కాళ్ళ నొప్పులు.

హెడ్మాస్టర్ గోపాల్ సంగతి వేరే చెప్పాలా? మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడు కావడానికి కూడా కొంత పట్టుదల కావాలి. తన ఎదురుగా ఎవరు నిలబడితే వాళ్ళ మాట వింటాడు. దసరా సెలవుల తర్వాత నన్ను పిలిచి, "చూసేటోళ్ళే లేనప్పుడు ఆట ఎందుకు మొండయ్యా? వచ్చే ఏడు ఆడపిల్లల టీం తీసేద్దామనుకుంటున్న. సగం గ్రౌండ్ల బస్సులు పెట్టుకుంటం" అన్నాడు. పిల్లలకు ఆట నేర్పే మమతారాణి మేడమ్ పక్కనే నిలబడి ఉంది. ఆమె ముఖం చూడలేకపోయాను. మేడమ్ ఎదురుగా నిలబడి అడిగింది కాబోలు, ఆ తర్వాతి మ్యాచ్‌కు గోపాల్ సారే రెండు తరగతుల పిల్లలను తోలుకొచ్చి కట్ట మీద కూర్చోబెట్టాడు. రాని బస్సు కోసం చూస్తున్నవాళ్ళలా కూర్చున్నారు.

ఆ మ్యాచ్ లక్సెట్టిపేట పిల్లలతో. చివర్లో వాళ్ళకు పెనాల్టీ దొరికింది. మన గోల్‌కీపర్ కోమల, పదో తరగతి పిల్ల, ఎడమవైపుకు పడి వేళ్ళ కొసలతో బంతిని బయటికి నెట్టేసింది. మోచెయ్యి గీరుకుపోయి నెత్తురు కారుతోంది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. లేచి నిలబడేసరికి గోల్ వెనక ఉన్న ఇద్దరు పిల్లలు, "అక్కా, జర పక్కకు జరుగు, ఫోటోల అడ్డమొస్తున్నవ్" అన్నారు.

నాకు ఒళ్ళు తెలియలేదు. మైకు చేతిలోనే ఉంది.

"ఓ దొరలారా, దొరసానులారా! గా పిల్ల పెనాల్టీ ఆపింది. పుట్టినకాడి నుంచి మీరు చెయ్యి పెట్టి ఆపింది ఆటో తప్ప ఇంకేమన్న ఉన్నదా? మీ కండ్లు మొహం మీద ఎందుకున్నయ్‌రా, అద్దాల దుకాణపోడు బతకనీకా? గోపాల్ సార్, గడియారం చూసుడు బంద్ చెయ్యి. మ్యాచ్ గడియారంల లేదు, గీడున్నది!"

ఇంకా చాలా అన్నాను. కట్ట మీదివాళ్ళు మొదటిసారి తలలెత్తారు. ఎవరో ఫోన్‌లో తీశారు. మీ కింది పోర్షనోళ్ళు చూసింది అదే. దానికి నేను సిగ్గుపడను. అందులో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను.

తర్వాతి మ్యాచ్ చెన్నూరు పిల్లలతో. నేను వెళ్ళేసరికి కట్ట మీద చోటు లేదు. గోడల మీద కాలేజీ పిల్లలు, గేటు దగ్గర ఆటోవాళ్ళు, టీ కొట్టు మేధావులు కూడా కుర్చీలు మోసుకుని వచ్చారు. గోపాల్ సార్ నాకు కుర్చీ తుడిచి వేశాడు. సిగ్గుపడి వచ్చారనుకున్నాను. నా మాటకు ఇంత బలం ఉందా అనుకుని నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రెఫరీ విజిల్ వేశాడు. నేను ఆటగాళ్ళ పేర్లు మొదలుపెట్టాను. కాసేపటికి గోడ మీది నుంచి ఒకడు, "గది గాదు తాతా, తిట్టు!" అన్నాడు. ఇంకొకడు అందుకున్నాడు. "తిట్టు తాతా, తిట్టు!" అని మైదానమంతా చప్పట్లు చరుస్తూ మొదలుపెట్టింది.

ఇక్కడి నుంచి రాయబోయేది జమునకు కూడా తెలియదు. తెలిస్తే ఈపాటికి నీకు అందేది.

నేను తిట్టాను. కోపంతో కాదు రాజక్కా, సంబరంతో. ఒకణ్ణి వాడి జుట్టు మీద, ఇంకొకణ్ణి వాడి బండి మీద, ఒకామెను ఆమె చేతిసంచి మీద. తిట్టించుకున్నవాళ్ళు లేచి నిలబడి దండాలు పెట్టి నవ్వారు. అన్నేళ్ళు బొగ్గు తవ్వితే నా పేరు పెట్టి పిలిచిన ఆఫీసరు లేడు. ఆ రోజు అంతమంది తాతా తాతా అంటుంటే నాకు మోకాలి నొప్పి గుర్తు రాలేదు. ముఖాలు బాగా కనిపించాలని కుర్చీని జనం వైపు తిప్పుకున్నాను. మైదానం నా వీపు వెనక ఉండిపోయింది.

వెనక నుంచి విజిల్, ఆడపిల్లల కేకలు వినిపించాయి. గోల్ పడిందని అర్థమై, "మన పిల్లలు గోల్ కొట్టిన్రు" అని ఒక్క మాట అనేసి మళ్ళీ జోకులోకి వెళ్ళాను. అదే గెలిపించిన గోల్.

మ్యాచ్ అయ్యాక పిల్లలు నాతో ఫోటోలు దిగుతున్నారు. కోమల వాళ్ళను తోసుకుంటూ వచ్చింది. చేతి తొడుగులు ఇంకా విప్పలేదు.

"తాతా, గోలు ఎవలు కొట్టిన్రు?"

"మన పిల్లలే గద బిడ్డా."

"ఎవలని అడుగుతున్న."

నేను అప్పుడు వెనక్కి తిరిగి మైదానం వైపు చూశాను.

"స్తుతి కొట్టింది. కార్నర్ వస్తె తలతోని కొట్టింది. టీంలకొచ్చినంక దానికి గదే మొదటి గోలు. కొట్టి నీ దిక్కు చూసింది తాతా, మైకుల దాని పేరొస్తదని. మునుపు ఎవ్వలు రాకపోయినా మైకుల మా పేర్లన్న వినపడేటియి." ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే నాకు సులువుగా ఉండేది. "ఇంకోటి చెప్పాల్నా? నువ్వు ఒగాయన పొట్ట మీద జోకులేసినవ్, మేకను మింగి వచ్చినవా అని. ఆయన మా బాపు. నేను ఆడంగ చూడనీకి మొదటిసారి వచ్చిండు. సగంల లేసి పోయిండు."

ఆమె తండ్రి హనుమంతు, బజారులో మటన్ కొట్టు. కొట్టు మూసుకుని వచ్చాడట. ఆ గుంపులో ఆట చూడటానికి వచ్చినవాడు బహుశా ఆయనొక్కడే. ఆయన్నే నేను తరిమేశాను. ఇన్నాళ్ళూ నేను ఈసడించుకున్న ఫోన్ల పిల్లలకు కనీసం మైకు లేదు. ఆట చూడమని అందరినీ తిట్టే మనిషి ఆట చూడలేదు. వాళ్ళకంటే అధ్వానం.

మర్నాడు గోపాల్ సార్‌తో ఇక తిట్టనని చెప్పాను. ఆయన పరేషాన్ అయ్యాడు. "నీకేమన్న పిచ్చా మొండయ్యా? గా జనం ఫోటోలు చూపించే గద టీం ఉంచాలని పైవాళ్ళకు చెప్పిన. నువ్వు తిట్టకపోతె జనం రారు. జనం రాకపోతె టీం ఉండది. ఆ పిల్లల కోసమన్న తిట్టు" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన మాటలో తర్కం ఉండటం నా ఖర్మ.

మమతారాణి మేడమ్‌ను అడిగితే, "టీం వాళ్ళది, వాళ్ళనే అడుగుండ్రి" అంది. సాధన చేస్తున్న పిల్లల మధ్యకు వెళ్ళి అడిగాను. స్తుతి నేల చూస్తూ, "జనమంత నీ దిక్కు చూస్తుంటె మేము ఆడినా ఆడనట్టే తాతా. తీసేస్తె తీసెయ్యనీ. ఇంకొక్క మ్యాచ్ ఉన్నది గద, గది మంచిగ చెప్పు" అంది.

అక్కడి నుంచి మటన్ కొట్టుకు వెళ్ళి, ఆఖరి మ్యాచ్‌కు రమ్మని అడిగాను. హనుమంతు కత్తి ఆపకుండానే, "నీ మైకుకో దండం మొండయ్యా, మళ్ళ నన్ను పిలవకు" అన్నాడు. "నాది తప్పే. గని నీ బిడ్డ ఎడమ దిక్కు పడి పెనాల్టీ ఎట్ల ఆపిందో నువ్వు చూడలే. నేను చూసిన" అని, ఆ పెనాల్టీ ఎలా ఆపిందో మొత్తం చెప్పాను. కొట్టు ముందు వరుసలో నిలబడ్డవాళ్ళు కూడా విన్నారు. ఆయన కత్తి ఆగింది. వస్తానని మాత్రం అనలేదు.

ఆఖరి మ్యాచ్ మంచిర్యాల పిల్లలతో. జనం ఇంకా ఎక్కువ. నేను కుర్చీని మైదానం వైపు తిప్పి కూర్చుని, ఎవరి కాలి దగ్గర బంతి ఉంటే వాళ్ళ పేరు చెప్పడం మొదలుపెట్టాను. "తిట్టు తాతా" అన్నారు. వినలేదు. "ముసలోనికి ఏమన్న గోలీలేసిన్రా?" అన్నారు. ఒకడు నీళ్ళ సీసా విసిరితే భుజానికి తగిలింది. వాణ్ణి తిట్టడానికి నా నోట్లో ఎంత మంచి మాట సిద్ధంగా ఉందో నీకు చెప్పలేను. మింగేశాను. హాఫ్ టైంకు సంత విడిచినట్టు లేచిపోయారు. టీ కొట్టు మేధావులు కుర్చీలతో సహా వెళ్ళిపోయారు. పోతే పోయారు, వాళ్ళు కూర్చున్న చోట సీసాలు, పొట్లాలు మాత్రమే మిగిలాయి.

కట్ట మీద ఎనిమిదో తరగతి ఆడపిల్లలు కొందరు మిగిలారు. తమాషా చూద్దామని వచ్చినవాళ్ళే, ఎందుకో పోలేదు. మెల్లగా జరిగి జరిగి సున్నం గీత దగ్గరికి వచ్చి కూర్చున్నారు. గోల్ వెనక హనుమంతు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో చూడలేదు. మనం ఒక గోల్‌తో ఓడిపోయాం. స్తుతి పేరు మాత్రం గొంతు బొంగురుపోయేదాకా చెప్పాను.

మరుసటి వారం ఆ ఎనిమిదో తరగతి పిల్లలు మాకూ నేర్పమని మేడమ్ దగ్గరికి వెళ్ళారు. ఆమె వాళ్ళను వెంటబెట్టుకుని గోపాల్ సార్ గదిలోకి వెళ్ళి నిలబడింది. హనుమంతు కొట్టు బట్టలతోనే వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎదురుగా నిలబడినవాళ్ళ మాట వినడం ఆ మనిషి గుణమని చెప్పాను కదా. ఇంకో ఏడాది టీం ఉంటుంది. ఆ తర్వాత సంగతి ఆయనకే తెలియదు.

జనం పెరగలేదు. నిన్న కూడా చివరి గంట తర్వాత అందరూ అలాగే మెడలు బిగించుకుని ఆటోలెక్కారు. వాళ్ళ మీద నా అభిప్రాయం ఏమీ మారలేదు.

ఒకటి మాత్రం నన్ను తొలుస్తోంది. హనుమంతును పిలిచి తిరిగి వస్తుంటే తట్టింది, ఇన్నేళ్ళలో గేటు దగ్గర ఆపి దెప్పడం కాక, మ్యాచ్‌కు రమ్మని నేను నోరు తెరిచి అడిగిన మొదటి మనిషి అతనే అని. మిగతావాళ్ళను రాలేదని తిట్టానే గానీ, రమ్మనలేదు. నిన్ను కూడా పిలవలేదు. మైదానం మనింటి నుంచి రెండు వీధుల అవతల. నువ్వు సాయంత్రం బియ్యం ఏరుకుంటూ నా గొంతు వినేదానివి. ఆడవాళ్ళు ఫుట్‌బాల్ చూడటానికి ఏం వస్తారులే అనుకున్నాను కాబోలు, ఆడుతున్నది ఆడపిల్లలే అయినా.

జ్యోతి తన పని తాను చేసుకునేదాకా నువ్వు కదలవద్దు. వచ్చాక, ఆ కొత్త పిల్లల మొదటి మ్యాచ్‌కు నాతో రా రాజక్కా. రమ్మని అడుగుతున్నాను.

ఇట్లు,
నీ జ్యోతిరాణి బాపు,
మొండయ్య