మీరు కలిపిన వరుస

గరివిడి,
11 ఫిబ్రవరి 2026, బుధవారం.

గౌరవనీయులైన సుహాసిని వదినగారికి,

ప్రభువు పేర వందనాలు. ఇక్కడ అందరం బతికే ఉన్నాం. మీరు, విక్టర్ అన్నయ్యగారు, మీ అత్తగారు అన్నమ్మగారు, మామగారు డేవిడ్‌రాజుగారు విజయనగరంలో క్షేమమని తలుస్తాను.

వదిన అన్నందుకు మీకు కోపం రావచ్చు. కాన్వెంటులో చదివినన్నాళ్లూ మిమ్మల్ని మిస్ అనే పిలిచాను. ఉత్తరం ఎలా రాయాలో నేర్పింది మీరే. ముందు క్షేమం అడగాలి, తర్వాత విషయం రాయాలి, కోపం ఉంటే చివరిదాకా ఆపుకోవాలి అన్నారు. ఆ మూడోది నాకు అబ్బలేదు.

వరుస మాత్రం నేను కలిపింది కాదు. మా అక్క గ్లోరీ మీ బిడ్డను తన కడుపులో మొయ్యడానికి ఒప్పుకున్నాక, డబ్బు తీసుకుని మొయ్యడం నేరం కాబట్టి, ఆసుపత్రిలో ఎవరూ ఏమీ అడక్కుండా ఆమెను విక్టర్‌గారి పినతండ్రి కూతురని మీరే రాయించారు. ఆ లెక్కన ఆయన నాకు అన్న, మీరు వదిన. అంతకు ముందు మేము మీ వరండా దాటి లోపలికి వచ్చింది లేదు. చర్చిలో మీది ముందు బెంచీ. మాది గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోటు పక్కన చాప.

విషయానికి వస్తాను. నిన్న మీ డ్రైవరు అసిరయ్య తెచ్చిన స్టాంపు కాగితాలు చదివాను. గ్లోరీకి చదివి వినిపించాను. నవంబరులో పుట్టిన పాప గ్లోరీ సొంత బిడ్డేనని, మీ దంపతులకు ఆ పిల్లతో ఏ సంబంధమూ లేదని ఆమె సంతకం పెట్టాలి. పెడితే విక్టర్‌గారు ఆమెకు పనికి మస్కట్ వెళ్లే వీసా, టిక్కెట్టు చూస్తారు. ఈ కాగితంలో గ్లోరీని ఏమని రాయించారో ఒకసారి చూసుకోండి. "మా ఇంట పనిచేసిన మనిషి." ఏడాది తిరక్కుండా చెల్లెలు పనిమనిషి అయింది. పాప పెదవి అందరిలా ఉండి ఉంటే ఇంకా చెల్లెలిగానే ఉండేది.

పాప పుట్టిన రోజు మీరు ఆసుపత్రి గదిలోకి వచ్చి, మంచం దాకా రాకుండా ఆగిపోయారు. పైపెదవి చీలి ముక్కు దాకా తెరుచుకుని ఉంది. గ్రహణం మొర్రి అంటారు దాన్ని. అన్నమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, సెప్టెంబరులో చంద్రగ్రహణం పట్టిన రాత్రి గ్లోరీ డాబా ఎక్కిందని, తాను కళ్లారా చూశానని అన్నారు. మనం క్రైస్తవులం కదండీ అని నెమ్మదిగా అన్నాను. "క్రైస్తవులమే, కాదన్నామా? గ్రహణం మాత్రం అందరికీ ఒక్కటే గదమ్మా" అన్నారావిడ. ఆ మాటకు విక్టర్‌గారు తల ఊపారు. మీరు కిటికీలోంచి బయటికి చూశారు. డేవిడ్‌రాజుగారు గుమ్మంలోనే నిలబడి, తన గుబురు మీసం దువ్వుకున్నారు. ఆదివారాలు ముక్కుతో వచ్చే గొంతుతో వాక్యం చదివే పెద్దమనిషి కదా, ఒక్క మాటన్నా అంటారనుకున్నాను. సాయంత్రానికి మీరంతా వెళ్లిపోయారు. పాప మిగిలింది.

డాక్టరుగారిని అడిగాను. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదని మీకు తెలుసు. అయినా అడిగాను. పెదవి అతుక్కోవడం మొదటి మూడు నెలల్లోనే అయిపోతుందట. గ్రహణం నాటికి గ్లోరీకి ఏడో నెల. చంద్రుడికి ఏమీ తెలియదు. ఒక్కోసారి ఇది వంశంలో ఉంటుందని కూడా ఆయన అన్నారు. మా వంశం గురించి అడగక్కర్లేదు, మేము కాగితం మీదే మీ వంశం.

గ్లోరీకి ఈ గ్రహణం మాట చెబితే మంచం మీదే నవ్వింది. "ఓలమ్మ, సందమామని సూడ్డానికి నాకు పనీపాటా నేదేటి? ఆరేసిన పట్టుసీరలు తెమ్మని ఆ ముసిల్దే మేడెక్కించింది. ఇప్పుడు నానే పోనానంతంది" అంది. ఆ పట్టుచీరలు మీవే. ఇస్త్రీకి ఇచ్చినప్పుడు చూసుకోండి, వాటికి ఏమైనా మొర్రి వచ్చిందేమో.

మా అక్క ఆశపడి ఒప్పుకుందని మీ ఇంట్లో అంటున్నారట. ఆమె ముందున్న దారులు రెండే. మొగుడు వదిలేసి పోయాక కూతురు శాంతిని అమ్మ దగ్గర పెట్టి మస్కట్ వెళ్లింది. రెండేళ్లు ఒక ఇంట్లో వంట, చాకిరీ, వాళ్ల పిల్లల్ని పెంచడం. తిరిగొచ్చేసరికి సొంత పిల్ల ఆమెను చూసి జగ్గమ్మ వెనకాల దాక్కుంది. జగ్గమ్మ మా పక్కింటావిడ. మళ్లీ రమ్మని ఏజెంటు ఫోన్లు చేస్తున్నప్పుడే మీరు పిలిపించారు. పరాయి దేశంలో చాకిరీ ఎందుకు, మన ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూర్చో, శాంతినీ తెచ్చుకో అన్నారు. పిల్ల దగ్గరుంటుందనే గ్లోరీ ఒప్పుకుంది. తీరా వచ్చాక, పిల్లలు జబ్బులు తెస్తారని శాంతిని గేటు దగ్గరే ఆపారు. మా అక్క మేడ మీద గదిలోంచి చెయ్యి ఊపేది. చుట్టాలు వస్తే ఆ గది తలుపు బయటినుంచి గడియ పడేది. "మస్కట్ల నా పాస్‌పోర్టు దాసీసినారు. ఈలు నన్నే దాసీసినారు గదే" అంది ఒకరోజు. అప్పుడు కూడా నవ్వుతూనే అంది.

పాప సంగతి మీరు అడగలేదు. అయినా రాస్తాను. పాప చన్ను పట్టలేదు. గ్లోరీ పాలు పిండి ఇస్తే నేను ఉగ్గుగిన్నెతో పడతాను. ముక్కుతో ఊపిరి తీస్తూ, మింగుతూ, మధ్యలో మా మొహాలు చూస్తుంది. కళ్లు మీవే. ఎచ్చెర్ల యూనివర్సిటీలో నా ఎం.ఏ. ఆపి వచ్చేశాను. "ఏటే కాన్వెంటూ, ఉగ్గు పట్టడం నేర్సీసినావు, ఇంక మొగుడొక్కడే తక్కువ" అని జగ్గమ్మ వేళాకోళం చేస్తుంది. ఆవిడ మనవడి చొక్కాలే పాపకి వేస్తున్నాం.

గ్లోరీ పాపకు పేరు పెట్టలేదు. ఆల గుంట అంటుంది, అంటే వాళ్ల పిల్ల అని. ఆమెకు మీ బిడ్డ మీద ఆశ ఉందనుకోకండి. "మోసినాను, కన్నాను. నా పని అయిపోనాది. ఆల గుంటని ఆల్లు తీసుకుపోవాల" అంటుంది. అంటూనే పాలు పిండి గిన్నె నా చేతికిస్తుంది. నాకేం కావాలో ఎవరూ అడగలేదు. మీరూ అడగనక్కర్లేదు.

నిన్న మీ కాగితం వినగానే సంతకం పెట్టేస్తానంది. వీసా వస్తే శాంతికి తిండి దొరుకుతుంది. పెన్ను కూడా తీసుకుంది. తర్వాత, "నా సొంత పిల్లంటే, ఎవలితోటి కన్నావే అంతాది ఊరు. మొగుడు వదిలీసి పోయి నాలుగేళ్లయింది. రేపు శాంతి బడికెల్తే ఆ మాట దాని ఎనకే ఎల్తాది" అని పెన్ను నాకిచ్చేసింది. సంతకం పెడితే ఈ పాపకి భూమ్మీద అమ్మా నాన్నా ఉండరు, మా అక్కకి పరువుండదు. పెట్టకపోతే మీ వీసా ఉండదు. పాత ఏజెంటుకి గ్లోరీయే ఫోను చేసింది. మొదటి నెలల జీతం వాడే తినేస్తాడు. అయినా వచ్చే వారం వాడితోనే వెళ్తుంది.

మీ కాగితాలు ఈ కవరులోనే తిప్పి పంపుతున్నాను. ఎక్కడా సంతకం లేదు. ఆదివారంలోగా మీరు, విక్టర్‌గారు వచ్చి మీ కూతురిని తీసుకెళ్లండి. ఇలా పుట్టిన బిడ్డను వదిలెయ్యడం నేరమని కూడా అదే చట్టంలో ఉంది, మీరు సగం చదివి ఆపేసినట్టున్నారు. రాకపోతే, సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు కదా, పాపను ఎత్తుకుని ఆ వరసలో నిలబడతాను. పదిమందిలో నాకు మాట రాదు. కాని చెల్లెలన్న కాగితం, పనిమనిషన్న కాగితం, రెండింటి నకళ్లూ నా దగ్గరున్నాయి. గట్టిగా చదవడం మీరే నేర్పారు.

ఇట్లు,
మీ కాగితపు ఆడపడుచు,
కృపారాణి.

తా.క.: ఇది పొద్దున్న రాసి, కవరు అంటించకుండా ఉంచాను. మధ్యాహ్నం మీ మామగారు బస్సు దిగి, దారి అడుక్కుంటూ మా ఇంటికి వచ్చారు. ముందు నేను పోల్చుకోలేదు. మీసం లేదు. పైపెదవి మీద ముక్కు దాకా పాత కుట్టు మచ్చ ఉంది. చిన్నప్పుడు మిషను ఆసుపత్రిలో కుట్టారట.

ఆయన చాప మీద కూర్చుని పాపను ఒళ్లోకి తీసుకుని, "ఆ గిన్నె ఇలాగియ్యమ్మా" అన్నారు. తల కొంచెం ఎత్తి పట్టుకుని, చుక్క చుక్కగా పట్టారు. "మా తమ్ముడికి మా యమ్మ ఇలాగే పట్టేది. నాను పక్కన కూకునేవోణ్ణి. ఆడు బతకలేదు" అన్నారు. విక్టర్‌గారికి ఇవేవీ ఎప్పుడూ చెప్పలేదట. అన్నమ్మగారికి మాత్రం పెళ్లినాటి నుంచీ తెలుసు. మీసం పెంచమన్నది ఆవిడే. మొర్రి ఎక్కడినుంచి వచ్చిందో తెలిసే ఆవిడ ఆ గ్రహణాన్ని మా అక్క మీద పెట్టారు. ఆయన తెలిసే గుమ్మంలో నిలబడ్డారు. ఆ మాట ఆయనే గ్లోరీతో అన్నారు. గ్లోరీ ఊరుకోలేదు. "ఇన్నాల్లూ మీసం దువ్వుకుంటా కూకున్నారేటి బాబూ?" అని అడిగింది. ఆయన లేచి గిన్నె కడిగి ఇచ్చారు.

కలెక్టరాఫీసు పని తప్పింది. ఆదివారం ఆరాధనలో ఆయన పాపను దేవుడికి ప్రతిష్ఠ చేయిస్తారు. ఆ మొహంతోనే నిలబడి, పాపను ఎత్తుకుని, ఇది నా మనవరాలు అని ఆయనే చెబుతారు. ఆయన తన తల్లి పేరు పెడుతున్నారు, సంతోషమ్మ. ఆ సాయంత్రమే పాపను మీ ఇంటికి తెస్తారు. మేడ మీద గది ఖాళీగానే ఉందట. గడియ ఊడబీకించేశారట.

గ్లోరీని, శాంతిని, నన్ను ముందు బెంచీలో కూర్చోమన్నారు. బంధువులం కదా. మీరు వస్తే కొంచెం జరుగుతాం.