పిల్ల చేతికి తగిన రైఫిలు

చెల్లెమ్మా, ప్రభువు దయవల్ల ఒళ్లు బాగానే ఉంది, మనసే ఒకచోట నిలవడం లేదు.

పోటీకి విదేశీ రైఫిలే కావాలని నీ కూతురు మొండికేసిందన్నావు కదా, కొట్టుకెళ్లి రెండూ భుజాన పెట్టి చూశాను. ఒకటే నమూనా, ఒకటే తూటా. మన దేశంలో చేసినదాని ట్రిగ్గరు కాస్త పట్టిపట్టి కదిలింది. విదేశీదాని ట్రిగ్గరు వెన్నే, పైగా నా భుజానికి అతికినట్టు కూర్చుంది. "ఇదే ఇవ్వు" అనేశాను.

కొట్టాయన నవ్వాడు. "కాల్చేది మీరా అయ్యగారూ? ప్రసంగానికి పడనివాళ్లని దీంతో పడగొడతారా ఏంటి?"

మేనకోడలి కోసమని చెప్పాను. విదేశీదాని వెనక భుజానికి ఆనే చెక్క పిల్లకు పొడుగు, కోయడానికి వీల్లేదట. మనదైతే కోసి, ట్రిగ్గరు కూడా నునుపు చేసిస్తాడు. గొర్రెలకాపరి కుర్రాడు తన ఒంటికి సరిపోని రాజుగారి కవచం విప్పేశాడని ఎన్ని సభల్లో అరిచానో!

మనదే తీసుకుంటున్నాను. శనివారం దాటితే వేరేవాళ్లకు అమ్మేస్తాడు. పిల్ల మోచేతి మడత నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా దారంతో కొలిచి, ఆ దారం కవర్లో వెంటనే పంపు. బావగారి దగ్గు తగ్గిందా? మందు మానొద్దను.

పిల్ల ఏడిస్తే మామయ్య మాటగా చెప్పు: ఆ చేతిని చేసినవాడు దేవుడు, తుపాకీయే దానికి సరిపోవాలి. ఆ చేతికి వణుకు రాకుండు గాక.

అన్నయ్య