బత్తాయి చెట్టు బతికింది

వదినగారూ,

క్షేమ సమాచారాలు తరవాత. మీ పెళ్ళికి ముందు మీరు నాటిన బత్తాయి చెట్టు బతికింది! నిన్ననే కొత్త చిగురు వేసింది. మీకు రాయకుండా ఆగలేకపోయాను.

ఈ వానలకు పెరడంతా చెరువైపోయింది. మీ తమ్ముళ్ళు మధ్యలో కట్టుకున్న గోడ నీళ్ళను కదలనివ్వలేదు. ఆకులు పండిపోయి, పిందెలు రాలిపోతుంటే నేను బకెట్టుతో తోడి పోస్తూనే ఉన్నాను. తోడినంతసేపు పట్టలేదు మళ్ళీ నిండడానికి.

అప్పుడు గోడ అవతలినుంచి మా తోటికోడలి గొంతు వినిపించింది. పంపకాలయ్యాక ఆవిడ నాతో మాట్లాడడం అదే మొదటిసారి.

"ఏమే, వేళ్ళు కుళ్ళిపోతాయే! పల్లం మా వైపుంటే అక్కడ తోడుతూ కూర్చుంటావా?"

"మధ్యలో గోడుందిగా అక్కా," అన్నాను. ఏడుపొచ్చేసింది.

"ఉంటే? నువ్వూ గునపం పట్టుకురా!"

అటునుంచి ఆవిడ, ఇటునుంచి నేను పొడిచాం. అడుగు ఇటుకలు ఊడగానే నీళ్ళు బుడబుడమంటూ ఆవిడ పెరట్లోంచి వీధి కాలువలోకి పరుగెత్తాయి. తడిసి ముద్దై, ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

మీ తమ్ముళ్ళకు ఇంకా తెలియదు. కన్నానికి రెండువైపులా పూలకుండీలు అడ్డం పెట్టాం. మీ మాటైతే ఇద్దరూ కాదనరు, త్వరగా రండి.

వానలు వెలిసి వారమైంది. అయినా ఇవాళ మరో రెండు ఇటుకలు తీశాం. ఇప్పుడు ఆ కన్నంలోంచి టీ గ్లాసు అటూ ఇటూ దూరుతోంది.

మీ చిన్న మరదలు