వంటింటి వెనక గోడ

సూర్,
మంగళవారం పొద్దున

చిరంజీవి భూమేశ్‌కు అవ్వ దీవించి రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. బురైమిలో నువ్వు కూడా బాగుండాలని, ఎండపూట నెత్తికి తువ్వాల కట్టుకోవడం మరవకుండా ఉండాలని కోరుకుంటున్నాను. ఊళ్లో నీ భార్య శ్రీవాణి, బిడ్డ రిషిత కులాసా. మొన్న ఫోన్ చేశారు. రిషితకు ముందు పన్ను ఊడిందట. పెంకుల మీదికి విసిరెయ్యి బిడ్డా అంటే, "మనింటికి పెంకులెక్కడియి నానమ్మా, స్లాబే గదా" అన్నది. ఎవరింటికన్నా పోయి విసిరి రమ్మన్నాను.

నువ్వు పంపిన ఖర్జూరాల డబ్బా, మోకాళ్ల నూనె, నీ చిట్టీ అన్నీ సామాను బండి ఇస్రార్ నిన్న తెచ్చి ఇచ్చాడు. ఎల్లుండి మళ్లీ బురైమికి సామాను వేసుకుని పోతాడట. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తాను. ఒత్తులు, దీర్ఘాలు తప్పుంటే సర్దుకుని చదువుకో. నా చదువు నీకు తెలిసిందే. మన చిన్నోడు సాయిలు అయిదో తరగతిలో ఉన్నప్పుడు నాకు పలక పట్టించి నేర్పిన అక్షరాలే ఇవి. వాడు పోయి వచ్చే దసరాకు రెండేళ్లు నిండుతాయి. ఇప్పటికీ అన్నం ముందు పెట్టుకుంటే మొదటి ముద్ద వాడి పేరున పక్కకు తీసిపెట్టి తింటాను.

మోకాలు ఎట్లా ఉందని అడిగావు. కిందికి వంగితే లేవడం కష్టం, లేచాక నడవడం సులువే. డాక్టరు నిచ్చెనలు, స్టూళ్లు ఎక్కొద్దన్నాడు. షుగరు గోలీలు తప్పకుండా వేసుకుంటున్నాను.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. ఎత్తితే నీ గొంతు వినాలి. నీ గొంతు వింటే నా కోపం నిలవదు, అది నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పైగా మీ రూంలో ఆరుగురు ఉంటారు. నేను ఏడిస్తే వాళ్లందరికీ వినపడుతుంది. కాగితమైతే నువ్వొక్కడివే చదువుకుంటావు.

ఇక ఉమైమా కొత్త ఇంట్లోకి మారిందా, ఇల్లు నచ్చిందా అని అడిగావు. దీనికి కొంచెం పొడుగ్గా జవాబు చెప్పాలి. నీకు తెలిసిన సంగతులే మళ్లీ చెప్తున్నానని విసుక్కోకు. నువ్వు మరిచిపోయినట్టు ఉన్నావు కాబట్టి చెప్తున్నాను.

నేను ఈ అరబ్బు దేశం వచ్చి ఉమైమా వాళ్లింట్లో వంటకు చేరేనాటికి ఆమెకు తొమ్మిదేళ్లు. జ్వరం వస్తే నా పక్కనే పడుకునేది. ఇప్పుడు ఆడపిల్లల బడిలో టీచరు. తల్లీ తండ్రీ పోయాక పెద్ద ఇల్లు అన్నదమ్ముల చేతికి పోయింది. అప్పటి నుంచి ఒకటే మాట, నా పేరు మీద ఒక ఇల్లు ఉండాలి లస్మా అని. పడవలు చెక్కే రేవు వెనకాల ఆ పాత ఇల్లు అమ్మకానికి ఉందని తెలిసి, అది బాగు చేయించింది మీ యజమాని, అర్బాబ్ యాసిర్ అనీ, పనిచేసింది నా కొడుకనీ విని ఎంత సంబరపడిందో. పాత ఇళ్లు కొని, కొత్తగా చేసి అమ్ముకునే వాళ్ల మాట నమ్మొద్దని ఆమె అన్నదమ్ములు చెప్పారు. ఆమె ఏమన్నదో తెలుసా? "యాసిర్ మాట ఎందుకు నమ్ముతాను? నాకు లస్మా ఉంది. గోడ కొట్టి చూసి చెప్తుంది."

మీ బాపు సుతారి పనికి పోతే నేను మాలు కలిపి తట్టలు మోసేదాన్ని. నిన్ను కడుపులో పెట్టుకుని కూడా మోశాను. గోడను వేలి మెటికతో కొట్టి, పైన పూసిన గిలాబు గోడను పట్టుకుని ఉందో, ఊడిపోయి లోపల గుల్లగా ఉందో చెప్పడం ఆయన నాకు నేర్పిన విద్య. ఆ కథలన్నీ ఉమైమాకు చిన్నప్పుడు నేనే చెప్పాను.

ఆ రోజు మేం ఇల్లు చూడటానికి వస్తే యాసిర్ గుమ్మంలో నిలబడి, "ఇంజనీర్ మేడం వచ్చింది, అందరూ పక్కకు జరగండి" అని నవ్వాడు. నువ్వు కొత్త చొక్కా వేసుకున్నావు. కొత్త గేటు, నేలంతా అద్దం లాంటి టైల్సు, పైన వరసగా చిన్న లైట్లు. ఎక్కడ చూసినా తెల్ల రంగు. నలభై ఏళ్ల ఇంటిని నా కొడుకు ఇట్లా మార్చాడని నా కడుపు నిండింది. ఉమైమా వంటింట్లో పొయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకుంటుంటే నేను గోడలన్నీ కొట్టుకుంటూ పోయాను. వంటింటి వెనక గోడ దగ్గరికి వచ్చాక నిన్ను పిలిచాను. మనం తెలుగులో మాట్లాడుకుంటే వాళ్లకు అర్థం కాదు కదా.

"నీళ్ల పైపు ఈ గోడలకెళ్లే పోతది. మార్చినవా?" అని అడిగాను.

"మార్చిన అవ్వా. గిలాబు మొత్తం రాలగొట్టి, బ్లాకులు గడిగి, ఆరినంకనే కొత్తది ఏసినం."

"సముద్రం పక్కపొంటి ఇల్లురా. చౌడు ఊరితే మల్ల ఆగది. రిషిత మీద ఒట్టెయ్యి."

"పసిపిల్ల మీద ఒట్లేందే, నీకేమన్న మతి పోయిందా?"

"అయితే నా నెత్తి మీద చెయ్యి పెట్టు."

"షుగరు మనిషివి నువ్వు. నీ మీద నేనెయ్య."

అప్పుడు నువ్వు నా రెండు చేతులూ పట్టుకున్నావు. "సాయిలు మీద ఒట్టు. నా ఒళ్లె పాణం ఇడిసిన నా తమ్ముని మీద ఒట్టు. సాలునా?" అన్నావు.

కామెర్లతో వాడు పోయేటప్పుడు నువ్వు సెలవు మీద ఊళ్లోనే ఉన్నావు. నాకు టికెట్టు దొరికేలోపు అయిపోయింది. వాడి ఒంటికి నిప్పు పెట్టింది నేను ఇక్కడి వంటింట్లో నిలబడి ఫోన్‌లో చూశాను. వాడి ఆఖరి ఊపిరి నీకు తెలుసు, నాకు తెలియదు. అట్లాంటి నువ్వు వాడి పేరెత్తితే నాకు ఇంకేం అడగబుద్ధవుతుంది? కళ్లు తుడుచుకుని పోయి, "మంచి ఇల్లు బిడ్డా, కొనుక్కో" అని ఉమైమాకు చెప్పాను.

కొన్నది. ఇక్కడి వేసవి సెలవుల్లో, జూలైలో మారాం. నాకు కిటికీ ఉన్న గది ఇచ్చింది. నెల రోజులు బాగానే గడిచాయి. ఆగస్టులో గాలి తడి పట్టాక ఒకరోజు ఉమైమా వంటింట్లోకి వచ్చి, "లస్మా, పిండి ఎక్కడ ఒలికించావు?" అని అడిగింది. వెనక గోడ వారన సన్నగా తెల్లటి పొడి. ఊడ్చేశాను. తెల్లారి మళ్లీ ఉంది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు.

ఆమె బయటికి పోయాక గరిటె కాడతో గోడను గీకాను. రంగు పొరలు పొరలుగా లేచి వచ్చింది. దాని కింద నున్నగా పూసిన లప్పం. లప్పం కింద పాత ఆకుపచ్చ రంగు. నలభై ఏళ్ల కిందటి రంగు, భూమేశ్, ఎక్కడిదక్కడే ఉంది. రాలగొట్టడం కాదు కదా, దాని మీద ఉలి గాటు ఒక్కటి లేదు. ఇంకొంచెం తవ్వితే పాత పైపు. బొట్టు బొట్టు కారుతున్న చోట గుడ్డపీలిక చుట్టి ఉంది.

అప్పుడు కూడా నిన్ను తప్పు పట్టలేదు. నీకు తెలియకుండా పనోళ్లు చేసి ఉంటారనుకున్నాను. ఆ ఇంటికి రంగు వేసిన బోధన్ బాబు మియా ఇంకా సూర్‌లోనే ఉన్నాడు కదా, పక్క వీధిలో పని జరుగుతుంటే పోయి అడిగాను.

"పైపు మార్చలేదా బాబూ?"

"ఏడ మార్చినమమ్మా? పన్నెండు దినాలల్ల తాళం చేతిల పెట్టాలె అన్నడు అర్బాబ్. అది గీకి ఆరబెట్టాలంటె నెల పడ్తది. గీ ఇల్లు అమ్ముడువోతే బురైమి పనంత నీ కిందనే అన్నడట మీ వోనికి. లప్పం కొట్టుర్రి, రంగేసుర్రి అన్నడు మీవోడు."

"మరి నాకు ఒట్టేసిండు కదా."

బాబు మియా నవ్వాడు. "గదేనమ్మా, నీ కొడుకు శాన హుషారు. ఆ దినం చాయ్ తాక్కుంట మాతోని జెప్పిండు. బిడ్డ మీద ఏస్తె బుగులు, అవ్వ మీద ఏస్తె బుగులు, పోయినోని మీద ఏస్తె ఇంకేం పోతది అని. ఒకటే నవ్వినం." అంతలో నా మొహం చూసి బ్రష్షు కింద పెట్టాడు. "ఎవరమ్మా ఆ పోయినోడు?"

"నా చిన్న కొడుకు."

నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు. నాకు తాగబుద్ధి కాలేదు.

భూమేశ్, నువ్వు గోడ సంగతి అబద్ధమాడావు, అది ఒకటి. లోకంలో అందరూ ఆడుతారు. మీ బాపు కూడా ఒకసారి సిమెంటు తక్కువ వేసి నెల రోజులు అన్నం సహించక తిరిగాడు. కానీ రిషితను పక్కన పెట్టి, నన్ను పక్కన పెట్టి, ఎవరి మీద వేస్తే నష్టం లేదో చూసుకుని నువ్వు సాయిలును ఎంచుకున్నావు. వాడికి పెళ్లి కాలేదు, పిల్లల్లేరు. వాడి బట్టలు పంచేశాం. నా దగ్గర మిగిలింది వాడి పేరు. అది నీకు లప్పంలా పూయడానికి పనికొచ్చింది. వాడికింక ఏమీ కాదని నీ లెక్క. నాకు మాత్రం వాడికి ఇంకా అవుతూనే ఉంటుంది. ఆ రోజు నుంచి మొదటి ముద్ద తీసిపెట్టాలంటే చెయ్యి ఆగుతున్నది. నీ పేరును నీ అన్న ఇట్లా వాడాడు, నేను పక్కనే నిలబడి విన్నాను బిడ్డా అని వాడికి ఏ మొహంతో చెప్పను?

నేను నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాయకపోతే నిన్ను అనే హక్కు నాకు ఉండదు.

ఆ రోజు ఆ గోడను కొట్టినప్పుడు నాకు వినిపించింది. నడుము ఎత్తున, రెండు జానల మేర గుల్ల. నీకు ఒట్టు పెట్టింది అందుకే. ఊరికే ఎందుకు పెడతాను? నువ్వు ఒట్టు వేశాక ఇంకోసారి కొట్టాను. ఉమైమాకు వినపడకుండా మెల్లగా కొట్టాను. అప్పుడు కూడా గుల్లే. మీ బాపు చెప్పిన విద్య అబద్ధం కాదని నా వేలికి తెలుసు. అయినా మంచి ఇల్లన్నాను. సాయిలు పేరు మీద చెప్పిన మాట అబద్ధం కాకూడదని కొంత. ఈ ఇల్లు అమ్ముడుపోతే నువ్వు పెద్ద మేస్త్రీవి అవుతావన్న ఆశ కూడా ఉంది. ఆ ఆశ ఎంతో, సాయిలు మీది నొప్పి ఎంతో నేను విడదీసి చూసుకోలేను.

నాలుగు రోజుల కిందట ఉమైమాకు అంతా చెప్పాను. గరిటెతో గీకిన చోటు చూపించాను. ఆమె అన్నం తింటున్నది. పళ్లెం పక్కకు జరిపింది.

"నీకు ఆ రోజే వినిపించిందా?" అని అడిగింది.

"వినిపించింది."

"యాసిర్ చెప్పింది నేను నమ్మలేదు. నీ కొడుకు చెప్పిందీ నమ్మలేదు. నువ్వు కొట్టావని కొన్నాను లస్మా."

అంతే అన్నది. తిట్టలేదు. పళ్లెం తానే కడుక్కుంది. యాసిర్‌కు ఫోన్ చేస్తే, చూసుకునే కొంటున్నానని సంతకం పెట్టావు కదా, ఇప్పుడు నాకేం సంబంధం అన్నాడు. నిన్న బట్టలు సర్దుకుని అన్న ఇంటికి పోయింది. ఏ ఇంటి నుంచి బయటపడాలని ఇన్నేళ్లు చూసిందో ఆ ఇంటికే. నన్ను పొమ్మనలేదు, రమ్మనలేదు. తాళం చెవి బల్ల మీద పెట్టి పోయింది.

నీ చిట్టీలో ఆఖరి మాట ఒకటి ఉంది. బురైమిలో ఇంకో ఇల్లు తయారైంది, ఉమైమా చిన్నాన్న కొడుకు ఇల్లు వెతుకుతున్నాడట, ఒకసారి నువ్వు వచ్చి రెండు గోడలు కొట్టి మంచిదని చెప్తే చాలు అవ్వా, నీ మాటంటే వాళ్లకు గురి అని రాశావు. ఆ ముక్క పదిసార్లు చదివాను. నువ్వు రాసిందేనా అని అక్షరాలు పోల్చి చూశాను.

నేను రాను. నువ్వే రావాలి. శుక్రవారం నీకు సెలవు. గురువారం మధ్యాహ్నం ఇస్రార్ బురైమికి చేరి, సామాను దించి వెంటనే తిరిగి బయలుదేరుతాడు, అతని బండిలో రా. ముందు ఉమైమా అన్న ఇంటికి పో. గుమ్మం బయట నిలబడి, నువ్వు చేసింది నీ నోటితో చెప్పు. సాయిలు పేరు మాత్రం ఎత్తకు. మంచికీ ఎత్తకు, చెడ్డకూ ఎత్తకు. ఆ తర్వాత ఇక్కడికి వచ్చి పైపు మార్చు, గోడ ఆరనియ్యి, ఎన్ని శుక్రవారాలు పడితే అన్ని శుక్రవారాలు రా. తట్టలు నేను మోస్తాను.

ఈ ఉత్తరం ఆ వంటింట్లోనే బోర్లించిన బకెట్టు మీద కూర్చుని రాస్తున్నాను. బాబు మియా దగ్గర ఉలి, సుత్తె అడిగి తెచ్చుకున్నాను. నేను కొడతానమ్మా అన్నాడు, వద్దన్నాను. పొద్దున ఆరింటి నుంచి కొడుతున్నాను. నా చెయ్యి అందినంత మేర గిలాబు రాలింది, బ్లాకులు బయటపడ్డాయి. ఆ పైన నీ ఎత్తు మనిషి కావాలి.

ఇట్లు,
సాయిలు అవ్వ
లస్మవ్వ