ఆకుదొప్పలో చుక్క

నమంగాన్, ఫిబ్రవరి

నా బంగారు మవ్జూదా అక్కయ్యకు,

నీ దగ్గర దాచేదేముంది? మా ఆయన షేర్జోద్ పోయాక ఈ ఇంట్లో నాకంటూ మిగిలింది ఆయన వేసిన తులిప్ గ్రీన్‌హౌస్ ఒక్కటే. మార్చి ఎనిమిది ఆడవాళ్ళ పండుగకు పూలు అందకపోతే దాన్ని మరిది ఎల్యోర్‌కు దోసకాయలు వేసుకోవడానికి ఇచ్చేస్తానని మామగారు తేల్చి చెప్పారు. "పూలు కూరొండుకు తింటామా వదినా?" అని వాడు రోజూ దెప్పుతూనే ఉన్నాడు.

ఈసారి తులిప్ దుంపలు నాటేముందు ఉంచే చలిగది చెడిపోయి వాటికి చాలినంత చలి తగల్లేదు. మొలకలు బెత్తెడు లేచాయి గానీ, ఇలాగే వదిలేస్తే లోపలి మొగ్గ కాగితంలా ఎండిపోతుంది. చలి చేయని పని జిబ్బరెల్లిన్ మందు చేస్తుంది. ఆకుల మధ్య దొప్పలో ఒక్కో చుక్క, మొక్క మొక్కకూ వేయాలి. మందు పేరెత్తితే మామగారికి ఒళ్ళు మంట. కోడలు ఎదురుచెప్పే ఇల్లు కాదిది. అందుకే చెప్పను. శుక్రవారం ఆయన నమాజుకు వెళ్ళగానే మొదలుపెడతాను.

మీ ఇంట్లో నాకోసం గది సిద్ధం చేయిస్తానన్నావు. వద్దు. నేను రాను.

నీ మొండి చెల్లెలు
జుల్ఫిజార్

నమంగాన్, మార్చి

అక్కయ్యా,

మొదటిరోజే దొరికిపోయాను. మామగారు నమాజు నుంచి నేరుగా గ్రీన్‌హౌస్‌కే వచ్చారు.

"ఏం వేస్తున్నావమ్మా?"

"మందు, మామయ్యా. వేయకపోతే పూలు రావు. నేను ఆపను."

పెళ్ళయ్యాక ఆయనకు ఎదురుచెప్పడం అదే మొదలు. చేతిలోని మందు సిరంజి మాత్రం కింద పెట్టలేదు. ఆయన మడి పక్కన చతికిలబడి, మొక్క ఆకులు విప్పి పట్టుకున్నారు.

"కానీయ్. చివరి వరస మాత్రం ముట్టుకోకు. నీ మందు పనో, ఉత్త మాటో తేలిపోతుంది."

ఇద్దరం నడుములు పడిపోయేదాకా వేశాం. పండుగ ముందురోజుకు మళ్ళన్నీ ఎర్రటి పూలతో నిండాయి. చివరి వరసలో ఒక్క మొగ్గా విచ్చుకోలేదు.

బజారుకు పూలు ఎత్తుతుంటే ఎల్యోర్ వచ్చి నిలబడ్డాడు. మామగారు వాణ్ణి ఆ ఎండిన వరస దగ్గరికి తీసుకెళ్ళారు.

"మాటిచ్చాను కదరా, తప్పను. పూలు రానిచోట దోసకాయలు వేసుకో. ఇదిగో, ఈ వరస నీది. మిగతాది కావాలంటే మీ వదినను అడుగు."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి అక్కయ్యా. వాడు నిజంగానే అడిగాడు.

ఇవ్వనన్నాను.

నీ చెల్లెలు
జుల్ఫిజార్